గాడి

కలంబాలో వాన ఆగని మూడో రాత్రి.
రెండో నంబరు యంత్రం వేసిన తీగలు
పరీక్ష కొక్కెం తాకీ తాకగానే
లేచి వచ్చేస్తున్నాయి,
చెమ్మ పట్టిన గోడ మీది పెచ్చుల్లా.

తీగంటే ఏమంత తీగ కాదు.
నాలుగు వెంట్రుకలు పేనినంత లావు అల్యూమినియం.
రేపు ఏ కరెంటు జీప్నీ అయినా
మకిలింగ్ కొండ వైపు ఎగువకి ఎక్కాలంటే
ఆంపియర్లన్నీ దాని పాదం మీదుగానే నడవాలి.

నేను బలం పెంచాను.
చదువుకున్నవాడికి మొదట తోచేది అదే.
ఇంకో యాభై గ్రాములు. ఇంకో యాభై.
ఏడో మెట్టు దగ్గర తీగ అంటుకుంది,
కింద చిప్ చిట్లింది.
ఆబ్రిగో గారు నన్నేమీ అనలేదు,
గడియారం కేసి చూశారు.

లుదివీనా దిమాయుగా ఈ లైన్లో పద్దెనిమిదేళ్లుగా ఉంది.
టీ విరామం నుంచి వచ్చి, చేతి తొడుగులు లాక్కుంటూ,
"బలం ఉందబ్బాయ్, చేరట్లేదు" అంది.

తీగ లేచిపోయిన చోటు మైక్రోస్కోపు కింద చూపించింది.
అంచుల్లో రెండు సన్నటి వెండి చాళ్లు,
నడుమ
ఏమీ జరగనట్టు మెరుస్తున్న నేల.
"సెకనుకి అరవై వేలసార్లు ఊగిందంటావు,
మరి ఆ ఊగుడంతా ఎక్కడికి పోయింది?"
తీగని బోర్లా తిప్పాం.
వీపంతా గీరుకుపోయి ఉంది.

అప్పుడు పనిముట్టు విప్పి, పాతదాని పక్కన పడుకోబెట్టాం.
రెండూ టంగ్‌స్టన్ కార్బైడే. పొడుగూ ఒకటే.
మూతిలోని గాడి మాత్రం
పాతది చేప నోరంత ఇరుకు,
కొత్తది సాసరు.

సాసరులో పెట్టి నొక్కితే
బరువు నిట్టనిలువుగా దిగుతుంది.
పక్కలు తీగని పట్టుకోవు, ఊరికే ఆనుకుంటాయి.
చెవికందని ఆ మోతలో
పనిముట్టు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది,
తీగ కూచున్న చోట కూచునే ఉంటుంది.

ఇరుకు గాడిలో అదే బరువు
రెండు వాలులుగా చీలుతుంది.
చీలితే తగ్గాలి కదా, పెరుగుతుంది.
నాకూ నమ్మబుద్ధి కాక కాగితం మీద లెక్క వేశాను, నిజమే.
రెండు చెంపలూ దొరికిన తీగ
పనిముట్టుతోపాటు ఊగుతుంది,
ఊగి ఊగి కిందనున్న ఆక్సైడ్ పెంకుని చితక్కొడుతుంది,
అక్కడ మాత్రమే
లోహం మొహం లోహం చూస్తుంది.

"లిలియూలో మా చిన్నాన్న చెప్పులు చేసేవాడు.
జిగురు రాసి దున్నపోతు కొమ్ముతో రుద్దడం నా పని.
కొమ్ము తోలు మీద జారిందంటే
తోలు నిగనిగలాడుతుంది, అంటదు.
తోలే కదలాలి, కింది అట్ట మీద.
ఈ ముక్క తెలియడానికి నేను మొట్టికాయలు తిన్నాను,
నీకు ఊరికే చెబుతున్నా."

ఐతే ఇంకా ఇరుకు చేద్దాం అన్నాను, హుషారుగా.
నవ్వింది గానీ వద్దనలేదు.
నలభై ఐదు డిగ్రీల నమూనా ఒకటి డ్రాయర్లో ఉంటే బిగించాం.
తీగని కరిచి పట్టుకుంది,
పైకి లేస్తూ వెంట తీసుకుపోయింది.
పట్టు కుదిరింది, విడుపు కుదరలేదు.

పాత అరవైకే తిరిగొచ్చాం.
మూడున్నరకి కొక్కెం లాగితే
తీగ నడిమికి తెగింది, పాదం కదల్లేదు.
తెగినందుకు సంతోషించే పని
లోకంలో ఇదొక్కటేనేమో.

సరఫరాదారుకి ఘాటైన ఉత్తరం రాద్దామని
వాళ్లకి పంపిన నక్షా తెరిచాను.
పొడుగు ఉంది, మందం ఉంది, లోహం పేరుంది.
గాడి కోణం రాయాల్సిన గడి
ఖాళీ.
అడుగున సంతకం నాది.

లుదివీనా నా భుజం మీదుగా చూసింది.
చూడనట్టు సాసరు మూతి పనిముట్టుని
గాజు సీసాలో వేసి మూత బిగిస్తూ,
"వాన తగ్గిందంటావా?
మొదటి జీప్నీ దొరికితే బావుణ్ణు" అంది.